ఎకరంన్నరలో ఆవు, మేకలు, నాటు కోళ్ళు: దేనితో మొదలుపెట్టాలి?

సంతకవిటి_రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. మాకు సంతకవిటి మండలంలో ఎకరంన్నర భూమి ఉన్నది. అందులో ఎకరం వరి పండే పల్లం, మిగిలిన అర ఎకరం బోరు ఉన్న మెట్ట. ఇన్నాళ్ళూ విశాఖపట్నంలో పని చేశాను. అమ్మానాన్నల వయసు చూసి ఇంటికి వచ్చేశాను. వరి ఒక్కదానితో ఇల్లు గడవదు కనుక పశుపోషణ మొదలుపెట్టాలని అనుకుంటున్నాము. నాన్నగారు పాడి ఆవు కావాలంటున్నారు, అమ్మ కోళ్ళు చాలంటున్నది, నాకేమో మేకలు పెంచాలని ఉన్నది. ఎడ్లు ఉన్న కాలం నాటి పెంకుటి సాల ఒకటి ఖాళీగా ఉన్నది. మూడింటినీ ఒకేసారి తెచ్చుకోవచ్చునా, లేక ఒకదాని తరువాత ఒకటి తెచ్చుకోవాలా? లాభాల లెక్కలు వీడియోలలో చాలా చూశాను. మన వానలకు, మన మేతకు, మన సంతలకు సరిపోయే సలహా అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను.

బూర్జ_పాడిరైతు:
బాబూ, ఆవును కొనే ముందు దాని ఏడాది మేత ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద వేసుకోండి. సంకరజాతి పాడి ఆవు రోజుకు 5 నుంచి 6 కిలోల ఎండుగడ్డి, 20 నుంచి 25 కిలోల పచ్చిమేత తింటుంది. అంటే ఒక్క ఆవుకే ఏడాదికి దాదాపు 2 టన్నుల ఎండుగడ్డి కావాలి. వరిలో ధాన్యం ఎంత బరువు తూగితే గడ్డి కూడా ఇంచుమించు అంతే తూగుతుంది కనుక, మీ ఎకరం పల్లంలో వచ్చే గడ్డి ఒక ఆవుకు సరిపోతుంది, రెండో ఆవుకు సరిపోదు. అది కూడా కొడవలితో కోయించి, తడవకుండా కుప్ప వేసుకున్నప్పటి మాట. కోత యంత్రం పెడితే మొదలు సగం పొలంలోనే ఉండిపోతుంది, పైభాగం చెల్లాచెదురవుతుంది, ఆ వారంలో ముసురు పట్టిందంటే మిగిలినది నల్లబడి పశువు ముట్టదు.

ఉన్న ఎండుగడ్డికి బలం పెంచే పద్ధతి ఒకటి ఉన్నది. మా ఇంట్లో ఏటా చేస్తున్నాము కనుక వివరంగా చెబుతాను. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించాలి. గడ్డిని పలుచగా పరచి, పూల మొక్కలకు నీళ్ళు పోసే జల్లెడ డబ్బాతో ఆ నీటిని చల్లి, కాళ్ళతో గట్టిగా తొక్కి, దాని మీద మరో వరస వేసి మళ్ళీ చల్లాలి. కుప్ప పూర్తయ్యాక గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి, అంచుల మీద మట్టి వేసి 21 రోజులు కదపకూడదు. తెరిచినప్పుడు కళ్ళు మండేంత ఘాటు వస్తుంది. గడ్డి పసుపు, గోధుమ రంగులు కలిసినట్లు మారి మెత్తబడుతుంది. ఏ పూటకు కావలసినది ఆ పూట తీసి, గంటసేపు గాలికి ఆరబెట్టి వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు దీనిని పెట్టకూడదు. యూరియా కలిపిన నీళ్ళ బకెట్టును పశువుకు అందేచోట ఒక్క క్షణం కూడా ఉంచకూడదు, ఎందుకంటే అది తాగితే పశువు దక్కదు.

ఇక పచ్చిమేత. మెట్టలో పది, పదిహేను సెంట్లు సూపర్ నేపియర్ గడ్డి నాటండి. మొదటి కోత రెండున్నర నెలలకు వస్తుంది, తరువాత నలభై, నలభై అయిదు రోజులకు ఒకసారి కోయవచ్చును. పల్లంలో వరి కోతకు కొద్ది రోజుల ముందు, నేలలో తడి ఉండగానే పిల్లిపెసర, జనుము చల్లుకుంటే మాంసకృత్తులున్న మేత దాదాపు ఖర్చు లేకుండా చేతికి వస్తుంది. మన పెద్దవాళ్ళు తరతరాలుగా చేసిన పని ఇది. మొక్కజొన్న వచ్చిన తరువాత చాలా ఊళ్ళలో దీనిని వదిలేశారు, అది చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. నేపియర్ మొదటి కోతకు వచ్చేదాకా ఆవు మాట తలపెట్టవద్దని నా సలహా.

చీపురుపల్లి_మేకలమంద:
మేకల మీద మనసున్నదని రాశారు కనుక రెండు విషయాలు చెబుతాను. మొదటిది, ఆషాఢం నుంచి మార్గశిరం దాకా మన ఊళ్ళలో మేకకు కాలు పెట్టే చోటు ఉండదు. ఎటు చూసినా ఊడ్చిన (నాట్లు వేసిన) చేలే. ఒక మేక పొరుగువారి మడిలోకి దిగినా ఊళ్ళో తగవు వస్తుంది. అందువల్ల ఆ అయిదారు నెలలు కొట్టంలోనే మేపగలిగితేనే మేకలు తెచ్చుకోండి. గట్ల మీద, కంచె వెంట అవిశ, సుబాబుల్ చెట్లు ముందుగా వేసుకోండి. సుబాబుల్ ఒక్కటే పెడితే వెంట్రుకలు రాలిపోతాయి కనుక మొత్తం మేతలో మూడో వంతుకు మించనివ్వవద్దు. పనసాకు దొరికితే మేకలు దానిని వదిలిపెట్టవు.

రెండవది మొక్కజొన్న. మా వైపు కోతల కాలంలో రోడ్డు పొడవునా గింజలు ఆరబోస్తారు. మేక ఖాళీ కడుపుతో వెళ్ళి ఆ గింజలు కడుపునిండా తిన్నదంటే పొట్టలో పులుపు పెరిగి, ఎడమ డొక్క ఉబ్బి, నిలబడలేక పడిపోతుంది. చాలామంది దీనిని దిష్టి అనుకొని వైద్యుడిని పిలవడం ఆలస్యం చేస్తారు. ఆ రోజులలో తాడు వదలకండి.

మేకకు పది చదరపు అడుగుల చోటు కావాలి. వానాకాలంలో నేల మీద పడుకుంటే గిట్టలు కుళ్ళుతాయి కనుక వెదురు బద్దలతో కాస్త ఎత్తున మంచె వేసి, పెంటికలు కిందికి జారేలా సందులు వదలండి. పోతును రెండేళ్ళకు ఒకసారి మార్చకపోతే దాని పిల్లలే దానికి జతపడి మంద క్షీణిస్తుంది.

ఉద్దానం_ఇల్లాలు:
తమ్ముడూ, మీ అమ్మగారి మాట తేలికగా తీసుకోకండి. ఇంట్లో మిగిలిన మెతుకులు, చిట్టు, నూకలు, పెరట్లో పురుగులు తిని పెరిగేవి కోళ్ళు ఒక్కటే. ఆవుకు, మేకకు పెట్టినంత పెట్టుబడి వాటికి అక్కరలేదు. పండగ ముందు రెండు పుంజులు అమ్మితే ఆ డబ్బు నేరుగా ఆడవాళ్ళ చేతికి వస్తుంది. మా వైపు కొబ్బరి, జీడి తోటలలో ఇంటింటా ఇదే పద్ధతి.

నాటు పెట్టలు అయిదు, పుంజు ఒకటి చాలు. పెట్ట పొదుగుకు వచ్చినప్పుడు గంపలో బూడిద, దాని మీద ఎండుగడ్డి, అడుగున గుప్పెడు వేపాకు వేస్తే పేలు పట్టవు. పది, పన్నెండు గుడ్లకు మించి పెట్టకండి, ఎక్కువైతే అంచున ఉన్నవి చల్లబడిపోతాయి. ఏడో రోజు రాత్రి చీకటిగదిలో ఒక్కో గుడ్డును పిడికిట్లో పట్టుకొని కింద టార్చి వేసి చూడండి. కట్టిన గుడ్డులో ఎర్రని నరాలు సాలెగూడులాగా విచ్చుకొని, మధ్యలో నల్లని చుక్క కదులుతూ కనిపిస్తుంది. కట్టనిది నిర్మలంగా ఉంటుంది, దానిని తీసేయవచ్చును. ఇరవై ఒకటో రోజుకు పిల్లలు వస్తాయి.

పిల్లలకు మొదటి వారాలలో చెదపురుగులను మించిన మేత లేదు. పాత కుండలో తడిపిన గడ్డి, ఎండు పేడ కూరి, చెదలున్న చోట బోర్లించి సాయంత్రం వదిలితే తెల్లవారేసరికి కుండ నిండా చెదలుంటాయి. ఎండ రాకముందే తీసుకువచ్చి పిల్లల ముందు దులపాలి.

ఇంకొక మాట. గూడు కట్టేటప్పుడు గాలిని మరచిపోవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా ప్రాంతంలో కొబ్బరిచెట్లతో పాటు పశువుల పాకలు కూడా పడిపోయాయి. కప్పు తక్కువ ఎత్తులో ఉండాలి, మూలలను నేలలో పాతిన గుంజలకు తీగతో బిగించాలి, తుపాను హెచ్చరిక రాగానే పశువుల పలుపులు విప్పేయాలి. కట్టి ఉన్న పశువు గోడ కింద పడితే తప్పించుకోలేదు.

సంతకవిటి_రైతుబిడ్డ:
అప్పా, చాలా కృతజ్ఞతలు. నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లే పెడుతుందని, వనరాజ అనే రకం కోడి అంతకు రెట్టింపు పెడుతుందని చదివాను. అటువంటప్పుడు వనరాజ పిల్లలనే యాభై తెచ్చుకుంటే ఎలా ఉంటుంది? టీకాల సంగతి కూడా ఎవరైనా చెప్పగలరు.

గరివిడి_విద్యార్థిని:
నేను గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతున్నాను. వనరాజ, గ్రామప్రియ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన రకాలు. వనరాజ మాంసానికి, గుడ్లకు పనికివస్తుంది. గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోసం. మీరు చదివినది నిజమే, వనరాజ ఏడాదికి దాదాపు 100 నుంచి 110 గుడ్లు పెడుతుంది. అయితే వాటిని పిల్లలుగా కొంటాము కనుక తల్లి వెచ్చదనం మనమే ఇవ్వాలి. మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉండాలి, తరువాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. పిల్లకు 2 వాట్ల చొప్పున పాతకాలపు వేడి బల్బులు వాడాలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగే ఇస్తుంది, వేడి ఇవ్వదు. పిల్లలన్నీ బల్బు కింద గుంపుగా చేరితే వేడి చాలలేదని, దూరంగా పోయి రెక్కలు విప్పితే ఎక్కువైందని గుర్తించండి. ఊకను రోజూ తిరగవేయాలి, తడి ఊకలో రక్తపు పారుడు వస్తుంది.

టీకాలలో అన్నిటికంటే ముఖ్యమైనది కొక్కెర తెగులు టీకా. ఏడో రోజున లసోటా అనే ఆ టీకా చుక్క కంటిలోనో ముక్కులోనో వేయాలి. పద్నాలుగో రోజున గంబోరో అనే మరో తెగులుకు టీకా, ఇరవై ఎనిమిదో రోజున మళ్ళీ లసోటా, ఆరో వారంలో మశూచి టీకా, ఎనిమిదో వారం దాటాక మళ్ళీ కొక్కెర తెగులుకే ఆర్‌2బి సూదిమందు వేయించాలి. నాటు కోళ్ళకు ఇవి అక్కరలేదనే అభిప్రాయం మన పల్లెలలో బలంగా ఉన్నది, కానీ ఎండాకాలం ఆరంభంలో ఊరి కోళ్ళన్నీ తుడిచిపెట్టుకుపోయేది ఈ కొక్కెర తెగులుతోనే. పచ్చగా, తెల్లగా విరేచనం కావడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ మెలిపడడం దీని గుర్తులు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. టీకా సీసా వందల కోళ్ళకు సరిపోయేంత వస్తుంది, కలిపిన తరువాత రెండు గంటలలోపే వాడేయాలి, అప్పటిదాకా 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. పదిహేను కోళ్ళున్న ఇల్లు ఒక్కటే సీసా తెచ్చుకోవడం కష్టం. అందువల్ల వీధిలో కోళ్ళున్న ఇళ్ళన్నీ కలిసి ఒక రోజు అనుకొని, కోళ్ళు ఇంకా గూటిలో ఉన్న తెల్లవారుజామున ఇంటింటికీ తిరిగి వేయించుకోవడం ఉత్తమం. పక్కింటి కోడికి టీకా పడకపోతే మీ కోడికీ ప్రమాదం తప్పదు కనుక ఇది ఎవరికీ దానం చేయడం కాదు.

ఉద్దానం_ఇల్లాలు:
టీకాల మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, మా వీధిలో కూడా అలాగే వేయిస్తాము. వనరాజ విషయంలో మాత్రం నాది వేరే అభిప్రాయం. అది పొదగదు. ప్రతిసారీ పిల్లలను బయటి నుంచి కొనాలి, కొన్నప్పుడల్లా కరెంటు పోతుందేమోనని భయపడాలి. ఒళ్ళు బరువు కావడం వల్ల గద్ద నీడ పడితే నాటు కోడి చెట్టెక్కినట్లు అది ఎక్కలేదు. నాటు పెట్టయితే రెక్క కింద పిల్లలను దాచుకొని ముంగిస మీదికి కూడా ఎగబడుతుంది. గుడ్డుకు, మాంసానికి సంతలో ధర కూడా నాటు కోడికే ఎక్కువ పలుకుతుంది. గుడ్ల సంఖ్య ఒక్కటే చూసి నిర్ణయించుకోవద్దు తమ్ముడూ.

గరివిడి_విద్యార్థిని:
మీ అభ్యంతరం న్యాయమైనదేనమ్మా. రెంటికీ మధ్యస్థంగా ఒక దారి ఉన్నది. గ్రామప్రియ పొదిగే గుడ్లను తెచ్చి నాటు పెట్ట కింద పెడితే బల్బులతో పని లేకుండా ఆ తల్లికోడే పిల్లలను పెంచుతుంది. అయితే ఆ పిల్లలు పెద్దయి పెట్టిన గుడ్లను మళ్ళీ పిల్లల కోసం వాడితే తరువాతి తరంలో ఆ గుణం నిలవదు, వాటిని తినడానికో అమ్మడానికో ఉంచుకోవాలి.

నెల్లిమర్ల_విశ్రాంత_ఉద్యోగి:
పశుసంవర్ధక శాఖలో చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మూడు రకాల జీవాలను ఒకే సాలలో పెట్టాలని మీరు అనుకుంటున్నట్లు తోచింది కనుక కొన్ని జాగ్రత్తలు చెబుతాను. పగలు కోళ్ళు ఆవు చుట్టూ తిరగడం మంచిదే, గోమారులను, పేడలోని పురుగులను ఏరుకొని తింటాయి. రాత్రి మాత్రం అవి దూలాల మీద, మేత తొట్టి పైన కూర్చోకూడదు, రెట్ట మేతలో పడి రోగాలు వస్తాయి. కోళ్ళ దాణాను మేకలకు, గొర్రెలకు పెట్టకండి. దానిలో కలిపే కొన్ని మందులు నెమరు వేసే జీవాలకు విషంతో సమానం.

బూజు పట్టిన మొక్కజొన్న సంగతి అందరూ తెలుసుకోవాలి. అకాల వర్షంలో తడిసిన కండెలను మనుషులకు పనికిరావని కోళ్ళకో, ఆవుకో వేస్తుంటారు. ఆ బూజులోని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కోడిపిల్లలు, బాతులు ముందుగా చనిపోతాయి, పాలలోకి కూడా అది దిగుతుంది. ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం పోదు. గెత్తంలో (ఎరువు కుప్పలో) వేయడమే మార్గం.

టీకాలకు ఒక క్రమం పెట్టుకోండి. తొలకరికి ముందే ఆవుకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు, మేకలకు చిటుకు రోగం టీకా పడాలి. మేకలకు పీపీఆర్ అనే పారుడు రోగం టీకా మూడు నెలల వయసు దాటాక ఒకసారి వేస్తే సుమారు మూడేళ్ళు కాపాడుతుంది. గాలికుంటు టీకాను ప్రభుత్వమే ఏటా రెండుసార్లు ఉచితంగా వేస్తుంది. పాలు తగ్గుతాయని ఆ రోజు పశువును పొలానికి తోలేసేవారిని చాలామందిని చూశాను. ఒకటి రెండు రోజులు పాలు తగ్గినా మళ్ళీ వస్తాయి, గాలికుంటు వచ్చిన ఆవు మాత్రం మునుపటిలా పాలివ్వదు. అత్యవసరమైతే 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఏ పశువైనా ఉన్నట్లుండి చనిపోయి, ముక్కు నుంచీ ఆసనం నుంచీ గడ్డకట్టని నల్లని రక్తం కారితే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చును. కోయకండి, తోలు తీయకండి, మాంసం పంచుకోకండి. అది మనుషులకు సోకుతుంది. వైద్యుడికి చెప్పి, ఆరడుగుల గోతిలో సున్నం వేసి పాతిపెట్టాలి. కోళ్ళు గుంపుగా చనిపోయినా కాలువలో పారేయవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళలో బర్డ్ ఫ్లూ బయటపడింది కనుక అనుమానం వస్తే వెంటనే కబురు చేయడం ఊరి క్షేమం.

సంతకవిటి_రైతుబిడ్డ:
అందరి మాటలూ ఇంట్లో చదివి వినిపించాను. ఈ తొలకరికి మెట్టలో పదిహేను సెంట్లు నేపియర్, కంచె వెంట అవిశ వేస్తాము. అమ్మ ఇప్పుడే అయిదు నాటు పెట్టలతో మొదలుపెడుతుంది. వరి కోసి గడ్డి కుప్ప వేసుకున్న తరువాత ఒక్క ఆవును తెస్తాము. మేకలు అవిశ ఎదిగాకనే, అంటే వచ్చే ఏడాది. నాన్నగారికి ఆవు ఆలస్యమవుతుందని కొంత వెలితిగా ఉన్నది కానీ మేత లెక్క చూసి ఒప్పుకున్నారు. ఆవును నారాయణవలస సంతలో కొనమంటారా, ఊళ్ళలో వెతకమంటారా?

చీపురుపల్లి_మేకలమంద:
సంత అమ్మడానికి మంచిది, మొదటి ఆవును కొనడానికి కాదు. అలమండ, మానాపురం సంతలకు నేను వెళుతూనే ఉంటాను. అక్కడికి తెచ్చే ముందు కొందరు పూటో, రెండు పూటలో పాలు పితకకుండా పొదుగు బిగించి తెస్తారు, చూపుకు నిండుగా కనిపిస్తుంది. ఏ ఊరి నుంచి వచ్చిందో, ఏ టీకా పడిందో చెప్పేవారు ఉండరు.

బూర్జ_పాడిరైతు:
నిజమే. చుట్టుపక్కల ఊళ్ళలో, యజమాని ఇంటి దగ్గరే, రెండో ఈత ఆవును చూడండి. సాయంత్రం, మరునాడు ఉదయం, మళ్ళీ సాయంత్రం ఎదురుగా పితికించి కొలవండి. మొదటి పూట కొలతను లెక్కలోకి తీసుకోవద్దు. నాలుగు చన్నుల నుంచీ తొలి ధారలు నల్లని గుడ్డ మీద పిండి చూస్తే, పొదుగువాపు ఉన్నచోట పలుకులు కనిపిస్తాయి. మీ నాన్నగారిని కూర్చోబెట్టి పితికించండి, రేపు పితికేది ఆయనే కదా, ఆ చేయి ఆవుకు నచ్చాలి. చెవి పోగు నంబరుతో టీకాల వివరం అడిగి రాసుకోండి.

ఇంటికి తెచ్చాక రెండు వారాలు వేరుగా కట్టండి. అమ్మినవారు ఏ దాణా పెట్టేవారో అడిగి, పది రోజులకు సరిపడా అదే దాణా వారి దగ్గరే కొనుక్కొని తీసుకురండి. రోజుకు కొంచెం చొప్పున మీ తవుడు, చిట్టు కలుపుతూ మార్చుకోవాలి. ఒక్కసారిగా దాణా మార్చితే ఆవు పారుకుంటుంది, పాలు పడిపోతాయి, మోసపోయామని అమ్మినవారితో గొడవకు వెళతారు. బోరు దగ్గర మీరు వేయబోయే నేపియర్‌ను కూడా మొదటి వారం ఎండుగడ్డితో సగం సగం కలిపి నరికి వేయండి.